నా వంతు భుజం

మా ఆయన కెప్టెన్ నుంచి మేజర్ కాబోతున్న ఏడాది నేను ఢిల్లీ జనక్‌పురిలో అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఆయన సరిహద్దులో. అక్కడికి భార్యల్ని రానివ్వరు. సైన్యంలో ఒక ఆనవాయితీ ఉంది. హోదా పెరిగిన రోజున కొత్త గుర్తును ఒక భుజానికి పైఅధికారి పెడితే, రెండో భుజానికి భార్య పెడుతుంది. ఆ రోజుకి సెలవు మీద వస్తానని, ఢిల్లీలోనే ఉన్న తన పాత కమాండింగ్ ఆఫీసర్, సీవో గారి చేత ఒకటి, నా చేత ఒకటి పెట్టించుకుంటానని మాటిచ్చారు.

నాకు అంతకన్నా పండగ లేదు. నెల ముందే కంటోన్మెంటు బజారులో యూనిఫారం సామాను అమ్మే సర్దార్జీ అంకుల్ దుకాణానికి వెళ్ళాను. కెప్టెన్‌కి మూడు నక్షత్రాలు. మేజర్‌కి అవి తీసేసి ఒక్క సింహాల ముద్ర. మూడు పోయి ఒకటి రావడం ఏం పెంపు అని నేను దీర్ఘం తీస్తే, అంకుల్ ఒక పాత డబ్బాలోంచి చిన్న ఇత్తడి కిరీటం తీసి నా అరచేతిలో పెట్టాడు.

“చూడు బేటీ, మా నాన్న ఇవే అమ్మేవాడు. తెల్లదొరల రోజుల్లో మేజర్ భుజం మీద రాజుగారి కిరీటం. రాజు పోయాడు, సింహాలొచ్చాయి. భుజం మాత్రం అదే,” అన్నాడు హిందీలో.

రెండు ముద్రలు కొని రోజూ పాలిష్ పెట్టి తోమాను. పలకరించే మనిషి లేని ఇంట్లో చేతులకైనా పని ఉండాలిగా.

ఆ రోజు రానే వచ్చింది. ఆయన రాలేదు. మధ్యాహ్నం గరగరల మధ్య ఫోన్ వచ్చింది.

“సెలవులు రద్దయ్యాయి. పొద్దున్నే ఇక్కడే అయిపోయింది.”

“నా వైపు ఎవరు పెట్టారు?”

“సుబేదార్ సాబ్.”

ఆ పెద్దమనిషిని నేనెన్నడూ చూడలేదు. అయినా ఒళ్ళు మండిపోయింది.

“మరి నేను తోమిపెట్టినవో?”

“పిచ్చిదానా, ఇక్కడ ఇత్తడివి పెట్టుకోం. నల్లదారంతో కుట్టిన గుడ్డవే. మెరిస్తే అవతలివాడికి గురి చూపించినట్టే.”

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. తర్వాత బీరువాలోంచి ఆయన యూనిఫారం తీసి, కుర్చీకి తొడిగి, ఎడమ భుజం నక్షత్రాలు పీకి ముద్ర పెట్టాను. కుడి భుజం సీవో గారిది. దాన్ని ముట్టుకోకుండా యూనిఫారం మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

మూడు నెలలకు సెలవు మీద వచ్చారు. బీరువా తెరిచి, “ఇదేంటే, ఒక భుజం మేజరూ, ఒక భుజం కెప్టెనూ?” అన్నారు. చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. తిరిగి వెళ్ళే రోజున రెండో ముద్రను చొక్కా లోపలి జేబులో వేసుకున్నారు.

“మెరిసేవి వద్దన్నారుగా?”

“జేబులో ఉంటే ఎవడికి కనిపిస్తుందిలే.”

రైలెక్కించి వచ్చాను. ఆదివారం బీరువా తెరిచి ఎడమ భుజం మీది ముద్రను తోమాను. కుడివైపు నక్షత్రాలకు చిలుము పట్టింది. పట్టనీ అనుకున్నాను.