ఉద్యోగం రొట్టె

పని లేనివాడికి తీరికెక్కువ అనేవాళ్ళు ఒక్క నెల పని లేకుండా ఉండి చూడాలి. ముత్తుకూరు అర్మాన్‌ని అడిగితే చెబుతాడు, పొద్దు గడపడమంత ఒళ్ళు హూనం చేసే పని ఇంకోటి లేదని. పొద్దున్నే తల దువ్వుకుని, ఇన్‌షర్ట్ చేసుకుని, అమ్మ కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని ఆఫీసుకని బయల్దేరతాడు. వెళ్ళడానికి ఆఫీసే లేదు.

మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తయి రెండో ఏడు నడుస్తోంది. ఊరి పక్కనే ఓడరేవు, కరెంటు ఫ్యాక్టరీలు, రేయింబవళ్ళు తిరిగే లారీలు. ఇన్ని పొగగొట్టాలు పక్కన పెట్టుకుని ఇంజనీరుకు పని దొరకదా అంటారు చుట్టాలు. ఆ మాటేదో గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళకు చెప్పొచ్చుగా! వాళ్ళు బయోడేటా తీసుకుని ఫోన్ చేస్తామంటారు. తర్వాత వచ్చేవన్నీ లోను కావాలా సార్ అనే ఫోన్లే.

మొన్న నెలాఖరున మాత్రం ఒక గోడౌన్ల కంపెనీవాళ్ళు సెలెక్టయ్యావు, ఒకటో తేదీ వచ్చి చేరమన్నారు. వాళ్ళమ్మ చాంద్‌బీ ఈ సంగతి వీధి వీధంతా చెప్పొచ్చింది. పరుపులు కుట్టే నాన్న నాగుల్ మీరా, కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ టీ తాగించాడు. తీరా ఒకటో తేదీ వెళితే, పైనుంచి ఆర్డరు ఆగింది, కబురు చేస్తామన్నారు. అది ఇంట్లో చెప్పడానికి అర్మాన్‌కు నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రోజులు దాటేశాడు.

అప్పట్నుంచి రోజూ బస్సెక్కి పోయి వెంకటాచలం రైల్వే స్టేషన్‌లో కూర్చుంటాడు. ఫోన్లో ఉద్యోగాల యాప్‌లు తిప్పుతాడు. కొత్తవాళ్ళే కావాలని పైన రాస్తారు, రెండేళ్ళ అనుభవం ఉండాలని కింద రాస్తారు. నాకైతే ఆ రాసినవాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాలనిపిస్తుంది. అర్మాన్‌కు ఆ కోపం కూడా అయిపోయింది. ఆగకుండా పోయే రైళ్ళను చూస్తాడు, మధ్యాహ్నం అన్నం తింటాడు, సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరతాడు. నిజంగానే అలిసిపోతాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంతలో రొట్టెల పండగ వచ్చింది. నెల్లూరులో దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పుచ్చుకుంటారు. అది తీరినవాళ్ళు మరుసటేడు రొట్టెలు చేసుకొచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్ళకు పంచాలి. కిందటేడు అర్మాన్ ఉద్యోగం రొట్టె పుచ్చుకుని తిన్నాడు. ఇంకేముంది, చాంద్‌బీ ఆ పొద్దున రొట్టెలు కాల్చి, గుడ్డలో మూట కట్టి సిద్ధంగా కూర్చుంది.

"అమ్మా, జీతం వచ్చినాక చూద్దాంలే. వచ్చే ఏడు ఇద్దాం" అన్నాడు.

"కోరిక తీరినాక మొక్కు ఆపుకుంటారా ఎవురన్నా? నడువు" అంది.

చెరువులో ఇసకేస్తే రాలనంత జనం. పెళ్ళి రొట్టెకో బోర్డు, ఆరోగ్యం రొట్టెకో బోర్డు. ఉద్యోగం బోర్డు దగ్గరున్న తోపులాట మరెక్కడా లేదు. అందరూ అర్మాన్ ఈడువాళ్ళే. అడిగేవాళ్ళు వందల్లో ఉంటే ఇచ్చేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటట్టున్నారు. చాంద్‌బీ మూట విప్పి కొడుకు చేతిలో ఒక రొట్టె పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని గర్వంగా పక్కన నిలబడింది.

తలమీద చున్నీ కప్పుకున్న ఒకమ్మాయి నీళ్ళు తోసుకుంటూ వచ్చి రెండు చేతులూ చాపింది.

"అన్నా, ఉద్యోగం రొట్టేనా? బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చినాం. డిగ్రీ అయిపోయి మూడేళ్ళన్నా. నీకు యాడొచ్చింది ఉద్యోగం?"

ఇచ్చేస్తే సరిపోయేది. ఆ అమ్మాయి కళ్ళకద్దుకుని తినేది, ఏడాదంతా దాన్నే నమ్ముకుని ఉండేది. ఇంట్లోవాళ్ళకు చెప్పిన అబద్ధం వేరు, తనలాంటిదాన్ని మోసం చెయ్యడం వేరు. రొట్టె వెనక్కి తీసుకున్నాడు.

"నాకు రాలేదమ్మా. ఇంకెవుర్నన్నా అడుగు."

ఆ అమ్మాయి రొట్టె వంకా, అతని వంకా చూసి వెళ్ళిపోయింది. చాంద్‌బీ మాత్రం కదల్లేదు.

"రాలేదంటే?"

"ఒకటో తేదీనే వద్దన్నారమ్మా. రోజూ స్టేషన్లో కూచోని వస్తుండా."

చాంద్‌బీ అతని చేతిలోని రొట్టె తీసుకుని, మిగతావాటితో కలిపి ముడేసి, మూట చంకలో పెట్టుకుంది. కొడుకు మణికట్టు పట్టుకుని జనంలోకి లాక్కుపోయింది. వీధి వీధంతా గొప్పగా చెప్పుకున్న మనిషి, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు కొంగు పట్టింది.

"మా పిల్లోడికి ఉద్యోగం రొట్టె ఉంటే ఒకటియ్యమ్మా."

అర్మాన్‌కు ఏడుపు ఆగలేదు. ఆవిడ చాంద్‌బీ చంకలోకి చూసింది.

"మీ దగ్గర అన్ని రొట్టెలుండాయి కదమ్మా?"

"అవి మేం తినేదానికి" అంది చాంద్‌బీ.