గుట్టు మాస్టారి ప్రైవేట్ మెథడ్

గుట్టు మాస్టారికి ఏదైనా సరే, బయటపెట్టాలంటే ప్రాణం మీదికొచ్చేది. ఆఫీసులో అందరికంటే సీనియర్ ప్రోగ్రామర్. తుమ్మొస్తే మెట్ల దగ్గరికి వెళ్లి తుమ్మి వచ్చేవారు.

"మాస్టారూ, టైమెంతయింది?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అయితే తెలుసుకుని ఏం చేస్తావు?"

ఒకసారి ఆయన భార్య ఆఫీసుకు ఫోన్ చేస్తే, రిసెప్షన్ అమ్మాయి "ఎవరండీ మాట్లాడేది?" అంది. ఆవిడ కూడా "ఎందుకండీ?" అందట. ఆయనకు పెళ్లయిందని ఆఫీసుకు తెలిసింది ఆ రోజే.

లైబ్రరీల కోసం వాళ్లు చేస్తున్న ప్రోగ్రాములోనూ మాస్టారిది అదే వరస. రాసిన ప్రతి మెథడ్‌కీ, అంటే ఒక్కో పని చేసిపెట్టే ప్రతి కోడు ముక్కకీ, పైన 'ప్రైవేట్' అని తగిలించేవారు. అలా రాస్తే దాన్ని అది ఉన్న కోడు పెట్టె, అంటే ఆ క్లాసు, లోపలి కోడే వాడుకోవాలి, బయటి నుంచి పిలిస్తే ప్రోగ్రాము ఒప్పుకోదు.

అక్కడ కొత్తగా చేరిన అమ్మాయికి ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. మేనేజరేమో ఎవరి కోడులో తప్పు దొరికినా పొద్దున మీటింగులో పెద్ద తెర మీద పెట్టి, పేరుతో సహా చదివేవాడు. అదృష్టం కొద్దీ మీటింగుకు ముందే ఆమెకు ఓ మెయిల్ వచ్చేది: "పుస్తకం తిరిగిచ్చే తేదీ లెక్క చూసుకోండి." గబగబా సరిచేసుకునేది. మిగతావాళ్లకూ అలాగే వచ్చేవి. అదంతా సిస్టమ్ పంపుతోందనుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఆమె పొరపాటున మాస్టారి మెథడ్ ఒకటి బయటి నుంచి పిలిచింది. అది కాదనకుండా నడిచింది. మరుక్షణం ఆమెకు అచ్చం అలాంటి మెయిలే వచ్చింది. కోడు తెరిచి చూస్తే విషయం అర్థమైంది. ఆ మెయిళ్లు పంపుతున్నది మాస్టారి మెథడే; తప్పుల రిపోర్టు మేనేజరుకు చేరేలోపే ఎవరి తప్పు వాళ్ల చెవిన వేసి, దిద్దుకునే వ్యవధి ఇస్తోంది.

ఆమె మాస్టారి పక్కకు వెళ్లి గొంతు తగ్గించి చెప్పింది. "మాస్టారూ, మీ ప్రైవేట్ మెథడ్ బయటి నుంచి పిలిచినా పలుకుతోంది."

"పలకదు. పైన రాశానుగా."

"రాశారు. కానీ అది క్లాసు పేరుతో నేరుగా పిలిచే మెథడ్. ఈ ప్రోగ్రామింగ్ భాషలో అలాంటివాటికి 'ప్రైవేట్' అన్న మాట పట్టదు. వేరే మాట రాయాలి."

మాస్టారు చటుక్కున అటూ ఇటూ చూశారు. బయటి నుంచి పిలవగలిగే మెథడ్లన్నిటి జాబితా, రాసినవాళ్ల పేర్లతో సహా మర్నాడు మేనేజరు చేతికి వెళ్తుంది. తప్పుల రిపోర్టు ముందు తనకే రావాలని ఆ మేనేజరు గట్టిగా చెప్పి ఉన్నాడు.

"లోపల ఏముందో చదివావా?"

"లేదండీ. మెథడ్లు చదివే అలవాటు నాకు లేదు."

మాస్టారు ఆమెను ఎగాదిగా చూసి కుర్చీ జరిపారు. ఆ వేరే మాట పెట్టి ఒక్క లైను ఆమే రాసింది. మళ్లీ బయటి నుంచి పిలిచి చూశారు. ఈసారి పలకలేదు.

మర్నాడు మీటింగులో తెర మీద ఒక్క తప్పూ లేదు. మేనేజరు ఛాతీ ఉబ్బింది.

"చూశారా, నాలుగు కేకలు వేస్తే మనుషులు ఎలా దారికొస్తారో."

"అవునండీ," అన్నారు మాస్టారు ఎంతో గంభీరంగా. "మీ గొంతే గొంతు."

కొత్తమ్మాయికి గట్టిగా దగ్గొచ్చింది.