రెండు నుంచి నాలుగు దాకా

మామయ్య కళ్ళు నిక్షేపంలా ఉండేవి. అయినా తన లాండ్రీ కొట్టును మాత్రం పట్టుబట్టి మసగ్గానే చూసేవాడు. స్పష్టంగా చూస్తే నెట్టు ఎక్కువ తింటుందట.

మోకాలి ఆపరేషనయ్యాక మెట్లు దిగవద్దని డాక్టరు చెప్పడంతో ఆయన ఇంట్లో కాలు చాపుకుని కూర్చుని, ఫోనులో కొట్టు చూడటం మొదలుపెట్టాడు. కొట్టులో ఎనిమిది కెమెరాలు. వాటి బొమ్మలన్నీ బీరువా మీది రికార్డరు పెట్టెలో చేరి, అక్కడినుంచి కొట్టు ఇంటర్నెట్ లైనెక్కి ఆయన ఫోనుకు వచ్చేవి. మొదటి వారం ఎనిమిదింటినీ ఒకేసారి, పెద్ద బొమ్మల్లో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూశాడు. దాంతో కౌంటరు మీది కంప్యూటరు ఒక్క చీటీ ఇవ్వడానికి పావుగంట తీసుకోసాగింది.

కెమెరాల మెకానిక్ వచ్చి చూసి ఆయనకు అర్థమయ్యేలా చెప్పాడు. "లోపలికొచ్చే దారి వెడల్పేనండీ. బయటికెళ్ళేదే ఇరుకు సందు. మీరు ఇంట్లో కూర్చుని చూసేదంతా ఆ సందులోంచే రావాలి. ఎనిమిది ఏనుగుల్ని తోలితే ఇంకెవరు నడుస్తారు? సందు మూసుకుపోతే లోపలికొచ్చేవి కూడా ఆగిపోతాయి." పెద్ద బొమ్మకు బదులు చిన్న బొమ్మ వచ్చే మీట చూపించి వెళ్ళాడు.

ఆ రోజుతో మామయ్య సందుకు కాపలాదారైపోయాడు. అత్తయ్య కాలక్షేపానికని ఎనిమిది కెమెరాలూ తెరిస్తే వంటింట్లోకి కుంటుకుంటూ వచ్చి, ఏనుగుల్ని కట్టెయ్యమనేవాడు. అల్లుడు ఊరినుంచి ఫోనుచేసి కొట్టు ఎలా ఉందో చూస్తానంటే, నేను చూశాను బాగానే ఉంది, నువ్వు చూడక్కర్లేదనేవాడు. తాను మాత్రం ఒక్క కెమెరా, చిన్న బొమ్మ, ఒక్క నిమిషం. అందులో మనుషులూ మూటలూ ఒక్కలాగే కనిపించేవి. లాండ్రీలో తగిలించిన బట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు.

కౌంటరు దగ్గర కూర్చునేది ఆయన అక్క కూతురు. ఎవరైనా గట్టిగా పలకరిస్తే చీటీల పుస్తకంలోకి తల దూర్చేసే పిల్ల. ఒకరోజు ఆమెకు మామయ్య ఫోను చేశాడు.

"అమ్మాయ్, ఆ నల్లకోటాయన పదింటి నుంచీ నిలబడే ఉన్నాడు. కుర్చీ వెయ్యి."

"అది హేంగరుకున్న కోటు మామయ్యా."

"లోపల మనిషి లేడా?"

"లేడు."

"సరేలే. ఫోను పెట్టెయ్, ఏనుగు నిలబడింది."

ఆ కోటు ఎవరో ఉతకడానికి ఇచ్చి మరచిపోయినది. దానికి మామయ్య ఆ నెలలో మూడుసార్లు కుర్చీ వేయించబోయాడు. ఇంకోరోజు ఇస్త్రీ తాత పని వేళ పడుకున్నాడని, లేపమని ఫోను చేశాడు. పడుకున్నది దుప్పట్ల మూట. తాత దాని పక్కనే నిలబడి చొక్కా కాలరు రుద్దుతున్నాడు. నన్నూ మూటనూ పోల్చుకోలేనివాడు కొట్టెలా నడుపుతాడయ్యా అని తాత మూడు రోజులు అలిగాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కానీ ఆ పిల్లకు ఒక రహస్యం ఉంది. అమ్మ మంచాన పడ్డ ఏడాది ఆమె పదో తరగతి సగంలో ఆగిపోయింది. అలా ఆగిపోయిన వాళ్ళకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోనులోనే ప్రత్యక్షంగా పాఠం చెప్పే టీచరొకావిడ ఉన్నారని తెలిసింది. ఆ వేళ కొట్టుకు ఎవరూ రారు. బట్టలు మడతపెట్టే గదిలో గంజిపొడి డబ్బాకు ఫోను ఆనించి, టీచరుకు తానూ కనబడేలా పెట్టి, కొట్టు నెట్టు మీద, చెవుల్లో తీగలు పెట్టుకుని వినేది. ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు పరీక్ష రాసేయాలని మాత్రం గట్టిగా అనుకుంది.

పాఠాలు మొదలైన పద్దెనిమిదో రోజు మూడింటికి మామయ్య ఫోను వచ్చింది.

"అమ్మాయ్, నా బొమ్మ ఆగి ఆగి వస్తోంది. కొట్టులో ఇంకెవరో ఏనుగును తోలుతున్నట్టున్నారు?"

ఆమె ఏమో మామయ్యా అని ఫోను పెట్టేసి, మిగతా పాఠం భయంభయంగానే రాసుకుంది. మర్నాడు రెండయినా తెరవలేదు. ఆ మర్నాడూ తెరవలేదు. టీచరు రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు.

సరిగ్గా ఆ ఫోను చేసిన మర్నాడే మామయ్య ఇంట్లో కొత్త చట్టం తెచ్చాడు. రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ కెమెరాలు చూడకూడదు, తనతో సహా. పెట్టెకు విశ్రాంతి కావాలన్నాడు. పెట్టెకేనా మీకు కూడానా అని అత్తయ్య అడిగింది. ఆయన నిజంగానే ఆ రెండు గంటలూ ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు.

ఒక మధ్యాహ్నం రెండున్నరకు ఉతికే యంత్రం గొట్టం ఊడి, నీళ్ళు వెనకగదిలో పెట్టిన కర్టెన్లదాకా వచ్చాయి. సాయంత్రం ఆయన ఫోనులో సంగతి అడుగుతుంటే, ఎప్పుడూ ఎదురుచెప్పని పిల్ల నోరు జారింది. "చూడాల్సినప్పుడు చూడని కెమెరాలెందుకు మామయ్యా? ఆ నెట్టంతా దాచుకుని ఏం చేస్తావు?"

ఆయన, "నిజమేలే తల్లీ," అని పెట్టేశాడు. ఆ మాట ఎందుకన్నానా అని ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు కూడా రెండింటికి ఆయన ఫోను బియ్యం డబ్బాలోకే వెళ్ళింది.

ఇలా నాలుగు నెలలు గడిచేసరికి మోకాలు కుదురుకుంది. ఒకరోజు రెండున్నరకు మామయ్య చేతికర్రతో కొట్టుకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కర్ర చప్పుడు కాకుండా చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచాడు. తగిలించిన బట్టల వెనక మడతలు వేస్తున్న ఆమె ఆయనకు కనబడలేదు.

"పాఠం సగానికొచ్చిందా?" అని ఇస్త్రీ తాతను గుసగుసగా అడిగాడు.

"ఏ పాఠం?"

"అమ్మాయి పాఠమయ్యా. ఆ రోజు ఫోను పెట్టేశాక ఏనుగెవరిదా అని ఒక్కసారి పెద్ద బొమ్మ పెట్టి చూశాను. గంజి డబ్బా ముందు నోటుపుస్తకంతో కూర్చుంది. ఎంత బాగా రాసుకుంటోందో."

చొక్కాల మధ్యనుంచి ఆమె బయటికొచ్చింది. చేతిలో సగం మడిచిన దుప్పటి అలాగే ఉంది. పరీక్షకు పేరిచ్చే గడువు అంతకు పన్నెండు రోజుల ముందే దాటిపోయింది.

"ఎప్పుడు మానేశావు?" అన్నాడు మామయ్య.

"నువ్వు ఫోను చేసిన మర్నాటి నుంచి."

ఆయన ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "నేనూ చూడటం మానేసింది ఆ మర్నాటి నుంచే."

"ఒక్కసారి చూసుంటే తెలిసేది కదా మామయ్యా."

"చూస్తే నీ పాఠం ఆగిపోతుందనుకున్నాను. అడిగితే సిగ్గుపడి మానేస్తావనుకున్నాను."

నాలుగు నెలలపాటు ఎవరూ నడవని సందును ఆయన ఊడ్చి ఉంచాడు. ఆయన కోసమని ఆమె అందులో అడుగే పెట్టలేదు. ఇద్దరిలో ఒక్కరు ఒక్క మాట అడిగుంటే పోయేది. ఆ ఏడాది ఇక తిరిగిరాదు. తాత ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, ఇద్దరూ ఇద్దరేనని గొణిగాడు.

ఆ సాయంత్రమే ఆమె టీచరుకు ఫోను చేసింది. వచ్చే ఏడు రాద్దువుగానీ, రేపు పాఠానికి రమ్మన్నారావిడ. అయితే నువ్వు కూర్చున్నావని చూడకుండా నాకెలా తెలుస్తుందని మామయ్యకు బెంగ పట్టుకుంది. ఉపాయం ఆమే చెప్పింది.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాక, రెండింటికి నిమిషం ముందు మామయ్య కౌంటరు కెమెరా తెరుస్తాడు. చిన్న బొమ్మే. కుర్చీలో నల్లకోటాయన కూర్చుని ఉంటే పాఠం మొదలైనట్టు. వెంటనే ఫోను బియ్యం డబ్బాలోకి పోతుంది. నాలుగింటికి మళ్ళీ తెరుస్తాడు. నిన్న నాలుగూ పదికి కూడా కోటు కుర్చీలోనే ఉంది. మామయ్య కొట్టుకు ఫోను చేస్తే తాత ఎత్తాడు.

"ఆయన ఇంకా లేవలేదేం?"

"లెక్కలట. ఇంకో పావుగంట పడుతుందట."

"కూర్చోనీ, కూర్చోనీ," అన్నాడు మామయ్య. "ఎన్నాళ్ళనుంచి నిలబడి ఉన్నాడో పాపం."