గని పక్కకు వచ్చిన విమానం

మా యజమాని తన విమానాన్ని మద్రాసు నుంచి తెచ్చి, ఇకమీదట మార్కాపురంలో మా పలకల గని పక్కనే ఉంచుకుంటానని ఉత్తరం రాసినప్పుడు, ఇందులో ఏదో మతలబు ఉందని నాకు ఆ రోజే అనిపించింది.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. నేను ఆ గనిలో గుమాస్తాను. నాకు ఇరవై ఏడేళ్ళు. యజమాని ఉండేది మద్రాసులో. ఏడాదికి నాలుగైదుసార్లు రైల్లో వచ్చి, రెండు రోజులుండి వెళ్ళేవాడు. ఆయనకు ఇద్దరు పట్టే చిన్న విమానం ఉందనీ, దాన్ని స్వయంగా నడుపుతాడనీ మేం వినడమే కానీ ఎవరమూ చూడలేదు. మద్రాసులో దానికి మంచి మైదానం ఉంది. సిమెంటు నేల వేసిన షెడ్డుంది, మెకానిక్కులున్నారు. ఇక్కడ ఏముంది? తంగేడు, రేగుకంప, పలకరాయి చిల్లలు. అక్కడ కాపురం ఉంటూ విమానాన్ని మాత్రం ఇక్కడ పెట్టుకోవడమేమిటి?

ఇంకొకటి కూడా నా మనసులో గుచ్చుకుంది. అంతకుముందు ఆయన ఉత్తరాలన్నీ చేత్తో రాసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఈ ఉత్తరం టైపు కొట్టి వచ్చింది. కింద సంతకం గీత తప్పి, సగం పక్కకు జారి ఉంది.

ఉత్తరంలో చెప్పినట్టే పని మొదలుపెట్టించాను. గనికి తూర్పున సర్కారు బీడు ఉండేది. దాన్ని ఆరు వందల గజాల పొడవున చదును చేయించి, అంచుల వెంబడి సున్నం కొట్టిన రాళ్ళు పెట్టించాలి. గనిలో పనిచేసే క్రైస్తవ పాలెం వాళ్ళే కంప నరికారు, గుంటలు పూడ్చారు. కలెక్టరుగారి అనుమతికి అర్జీ పెట్టాం. ఆ బీడులో గొర్రెలు మేపుకునే వాళ్ళకు అభ్యంతరం లేదని వేలిముద్రలు తెమ్మన్నారు. మేపుకునేది ముఖ్యంగా ఒక పెద్దాయన. నూరుకు పైగా గొర్రెలుండేవి ఆయనకు. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికమేమీ లేదు.

కాగితం పట్టుకుని పోతే ఆయన దాని వంక చూడను కూడా లేదు.

"ఏంది అల్లుడా, బీడు సుట్టూ తెల్లరాళ్ళు పెట్టిస్తాండావంట?"

"ఇమానం దిగేదానికి మామా."

"దిగేదానికి హద్దురాళ్ళు ఎందుకప్పా? రాయి పాతినాక అది ఎవురిదో ఒకరిది అయినట్టే గదా."

"అది సర్కారు బీడు. నీ గొర్లు మేసేది మేస్తానే ఉంటాయి. ఇమానం వచ్చేటప్పుడు పక్కకు తోలుకుంటే చాలు."

"ఈ మాట మీ దొర సెప్పినాడా, నువ్వు సెప్తాండావా?"

"నేనే చెప్తాన్నా."

"అట్లయితే ఏలుముద్ర ఎయ్యను. ఆయన్నే వచ్చి సెప్పమను."

ఆయన వేయలేదు. అయినా అనుమతి వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. వేలిముద్రలు లేకుండా వచ్చిన అనుమతిని చూసి నా అనుమానం ఇంకొంచెం ముదిరింది.

పది రోజుల తర్వాత మద్రాసు నుంచి ఒకతను రైల్లో వచ్చాడు. విమానం నడపడం, బాగుచేయడం రెండూ తెలిసిన మనిషి. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేల చూసి, షెడ్డు వేయించి, మళ్ళీ మద్రాసు పోయి విమానం తెచ్చేది తానేనని చెప్పాడు. పొద్దున్నే లేచి బీడంతా తిరిగేవాడు. తడిగడ్డి రాజేసి పొగ ఎటు పోతోందో చూసి రాసుకునేవాడు. రైలు కట్ట ఎటు వంగింది, నల్లమల ఎటువైపు, చెరువులో నీళ్ళు ఏ నెల దాకా ఉంటాయి, అన్నీ అడిగాడు. ఒక పటం గీసుకున్నాడు. నన్ను చూసినప్పుడల్లా దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడు.

మా ఉత్తరాన అడవి, అడవి దాటి కృష్ణ, కృష్ణ దాటితే నైజాం. ఎవరికీ తెలియకుండా అటునుంచి ఇటు ఏదైనా చేరవేయాలంటే ఇంతకంటే అనువైన చోటు లేదని నాకు తోచింది. ఆ ఆలోచన ఒకసారి వచ్చాక, అతను చేసే ప్రతి పనీ దానికి తగినట్టే కనిపించింది.

ఒక ఉదయం రాళ్ళ వరస చూసి పెదవి విరిచాడు.

"ఇవి చాలవండీ. దీనికి రెట్టింపు సైజువి పెట్టించాలి. మొదట్లో, చివర్లో తెల్లగుడ్డ కూడా పరిపించాలి."

"పైనుంచి ఇవి కనపడవా?"

"నాకు కనపడతాయి" అని, ఆగి, "అందరికీ కనపడాలి కదా" అన్నాడు.

"అందరూ అంటే ఎవరు? నడిపేది మీరే కదా?"

అతను కాలితో ఒక రాయిని వరసలోకి జరిపాడు. "ఇక్కడ విరిగిన ఎముకలు కట్టే డాక్టరున్నాడా?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం నేను సబ్ ఇన్‌స్పెక్టరుగారికి ఒక అర్జీ రాశాను. విమానం పేరుతో ఇక్కడ వేరే ఏదో జరగబోతోందనీ, వచ్చిన మనిషి పోకడ బాగా లేదనీ రాసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. స్టేషన్ దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ గుమ్మం ముందు నుంచే తిరిగి వచ్చాను. యజమాని ఉప్పు తింటూ ఆయన మీద కాగితం ఇవ్వడం ఒక భయం. నా అనుమానం తప్పని తేలితే నలుగురిలో నవ్వులపాలవుతానన్నది ఇంకొక భయం.

వానలు వెనకపట్టాక, కార్తీకంలో వచ్చింది విమానం. ముందురోజే తంతి అందింది. ఎలా తెలిసిందో కానీ త్రిపురాంతకం నుంచి కూడా బండ్లు కట్టుకుని జనం వచ్చారు. పాలెం వాళ్ళు పని మానేసి చిల్లల గుట్టల మీదికెక్కి కూర్చున్నారు. దొనకొండ వైపు రైలు కట్ట వెంబడి చిన్న చుక్కగా కనపడి, పెద్దదై, మా నెత్తి మీద ఒక చుట్టు తిరిగి దిగింది. గుడ్డ కప్పిన రెక్కలు, పైన ఒక జత, కింద ఒక జత. దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది.

వెనక సీట్లోంచి మద్రాసు మనిషి దూకాడు. ముందు సీట్లోంచి యజమాని నెమ్మదిగా దిగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మా వైపు నడిచి వచ్చాడు. నేను నమస్కారం పెట్టాను. ఆయన నన్ను దాటిపోయి, నా పక్కనున్న గొర్రెల పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నేల బాగా చేయించావయ్యా గుమాస్తా" అన్నాడు.

పెద్దాయన కదల్లేదు. ఆయనకు తలపాగా ఉంది, భుజాన గొంగడి ఉంది. నాకు కోటుంది. మా ఇద్దరిలో గుమాస్తా ఎవరో అంత దగ్గర్నుంచి తెలియకపోవడమంటూ ఉండదు.

"నేను గొర్లోణ్ణి దొరా. గుమాస్తా ఆ పక్కనుండాడు" అన్నాడు పెద్దాయన.

యజమాని పెద్దగా నవ్వి, దుమ్ములో కనపడలేదన్నాడు. దుమ్ము అప్పటికే అణిగిపోయింది.

జనం చెదిరాక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఆయప్పకు సూపు పోతాంది అల్లుడా. నడిమిది మసక, అంచుల్లోనే కొంచెం కనపడతాది. మాట్లాడేటప్పుడు మొగం పక్కకు తిప్పుకుని సూస్తాన్నాడు, నువ్వు కనిపెట్టలేదా?"

"నీకెట్ల తెలుసు మామా?"

"మా నాయనకు అట్లనే పోయింది."

నేను తిన్నగా షెడ్డుకు పోయాను. మద్రాసు మనిషి ఇంజను మీద గుడ్డ కప్పుతున్నాడు. నేను సూటిగానే అడిగాను. అతను చాలాసేపు గుడ్డ అంచులే సర్దుతూ ఉండిపోయాడు.

"లైసెన్సు కాగితం మీద డాక్టరు సంతకం పెట్టలేదండీ" అన్నాడు చివరికి. "సంతకం లేకపోతే మద్రాసులో ఆయన్ని సీట్లో కూర్చోనివ్వరు. ఇక్కడైతే అడిగేవాళ్ళుండరని తీసుకొచ్చారు. ఎవరికీ చెప్పనని నాచేత మాట తీసుకున్నారు. నేను లేకుండా ఎక్కకూడదని నేనూ ఆయన దగ్గర మాట తీసుకున్నాను."

"ఆయన మాట మీద మీకు నమ్మకముందా?"

"లేదు" అన్నాడు. "అందుకే డాక్టరు సంగతి అడిగాను."

నా జేబులో అర్జీ ఇంకా ఉంది. దాన్ని తీసి అతని ముందే చించాను. అదేమిటని అతను అడగలేదు. నేను చెప్పలేదు. ఇన్నాళ్ళూ అతన్ని దొంగను చూసినట్టు చూశానని చెప్పడానికి నోరు రాలేదు.

యజమాని ఈసారి మద్రాసు తిరిగిపోలేదు. గని బంగళాలోనే ఉండిపోయాడు. వారానికి రెండుసార్లు ఇద్దరూ కలిసి పైకి వెళ్ళేవారు. ఆ విమానం కదలాలంటే ముందున్న పంకాను ఒకరు చేత్తో తిప్పాలి. పాలెం వాళ్ళెవరూ దాని దగ్గరికి రావడానికి ఒప్పుకోకపోవడంతో మద్రాసు మనిషి నాకు నేర్పాడు. ఎక్కడ పట్టుకోవాలో, లాగి ఎలా వెనక్కి తప్పుకోవాలో పది రోజులు నేర్పాడు.

అప్పటినుంచి నా అనుమానమంతా యజమాని మీదికి మళ్ళింది. ఆయన బంగళా మెట్లు దిగుతుంటే ఎటు పోతున్నాడోనని కిటికీలోంచి చూసేవాణ్ణి. షెడ్డు తలుపు చప్పుడైతే రాస్తున్న కలం ఆగిపోయేది.

ఒకరోజు పెట్రోలు పీపాలు రైల్లో వచ్చాయని, వాటిని విడిపించుకురావడానికి మద్రాసు మనిషి బండి కట్టించుకుని స్టేషన్‌కు పోయాడు. పదిగంటల వేళ యజమాని నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి విమానం షెడ్డు బయట ఉంది. నలుగురు కూలీల చేత తోయించి, వాళ్ళను పంపేశాడు. తాను వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. అది నడిపేవాడి సీటు.

"తిప్పు" అన్నాడు.

"ఆయన రానీండి అయ్యా."

"ఒక్క చుట్టు. చెరువు దాకా పోయి వచ్చేస్తా. పదకొండేళ్ళుగా నడుపుతున్నా, నాకు నువ్వు చెప్పేదేమిటి? తిప్పు."

నేను పంకా దగ్గర నిలబడ్డాను. చెయ్యి ఎత్తలేదు. నా ఇల్లు గడిచేది ఆయన ఉద్యోగం మీదే. ఇంట్లో అప్పుడే నా భార్య నీళ్ళోసుకుని ఉంది. ఆయన కాదు పొమ్మంటే ఆ చుట్టుపక్కల నాకు మరో ఉద్యోగం దొరకదు.

"నా మీద నీకు అనుమానమా?" అని అడిగాడు.

"అవునయ్యా" అన్నాను. అబద్ధం చెప్పడానికి మాట తోచలేదు.

"నేల ఖాళీగా ఉంది. ఎండ బాగుంది. గాలి లేదు. ఇంతకంటే మంచి రోజు రాదు. తిప్పు."

నేను వెనక్కి తిరిగి చూశాను. చదును చేసిన నేల మధ్యలో, మాకు రెండు వందల గజాల దూరంలో, గొర్రెల మంద మొత్తం నిలబడి ఉంది. పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి మా వైపే చూస్తున్నాడు.

"నేల ఖాళీగా లేదయ్యా" అన్నాను. "నడిమధ్యలో నూరు గొర్రెలున్నాయి."

ఆయన ముఖాన్ని ఒక పక్కకు, తర్వాత ఇంకో పక్కకు తిప్పి చూశాడు. ఒక గొర్రె అరిచింది. అప్పుడు చూడటం మానేశాడు. సీటు అంచుల మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. బండి తిరిగి వచ్చేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను. మద్రాసు మనిషి వచ్చి చెయ్యి అందిస్తే దిగి బంగళాలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పెద్దాయన్ని అడిగాను. "కావాలనే తోలినావా మామా?"

"మేత ఉంటే పోతాయి గొర్లు" అన్నాడు. చదును చేసిన ఆ నేల మీద గడ్డిపోచ లేదని మా ఇద్దరికీ తెలుసు. అంతకుమించి ఆయన ఏనాడూ చెప్పలేదు.

యజమాని నన్ను పని మానిపించలేదు. వారం తిరక్కుండానే విమానాన్ని అమ్మకానికి పెట్టమని మద్రాసు మనిషికి చెప్పాడు. బెంగుళూరు వైపు కాఫీతోటలున్న ఒకాయన తీసుకున్నాడు. అలా అది మా దగ్గరుంది నాలుగు నెలలే. బీడును గనిలో కలుపుకుంటారేమోనని పెద్దాయన భయపడ్డాడు కదా, ఆ సంగతి నేనే ఎత్తాను. యజమాని ఆయన్ని బంగళాకు పిలిపించి, రాళ్ళు తీయించేస్తానని చెప్పాడు. తీయించేదాకా నమ్మనని పెద్దాయన ఆయన ముఖం మీదే అన్నాడు. రెండు రోజుల్లో రాళ్ళు తీయించాం.

విమానం వెళ్ళిపోయే ఉదయం పంకా నేనే తిప్పాను. మద్రాసు మనిషి చెయ్యి ఊపి, నేల చివరిదాకా పరుగెత్తించి లేపాడు. యజమాని నా పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎటు తిరిగింది?" అని అడిగాడు.

"గిద్దలూరు వైపు అయ్యా. రైలు కట్ట మీదుగా పోతోంది."

"ఎత్తు చాలా ఉందా?"

"ఉందయ్యా. తిన్నగా పోతోంది."

చప్పుడు సన్నబడింది. గాలి మళ్ళినప్పుడు ఒకసారి వినిపించి, మళ్ళీ పోయింది.

"కనపడుతోందా ఇంకా?"

"లేదయ్యా."

ఆయన కాసేపు అటే ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ అలా పట్టుకోలేదు. ఇద్దరం ఆఫీసుకు నడిచాం. ఆ రోజు టపాలో వచ్చిన ఉత్తరాలు ఒక్కొక్కటే విప్పి ఆయనకు చదివి వినిపించాను.