కంటితో చూసిందే చెప్పే నాగులమ్మ

తిరుపతి బస్టాండు బయట ఆటోల వరుసలో నాగులమ్మ తన బండి నిలిపిన మొదటి రోజు ఆమెను ఎవరూ పొమ్మనలేదు. అలాగని రమ్మనీ అనలేదు. తన వంతు వచ్చి ఆటో ముందుకు తీస్తే, సంచులు మోసుకొచ్చిన భక్తులు లోపలికి వంగి చూసేవారు. డ్రైవరు సీట్లో ఆడమనిషి కనబడగానే వెనక ఆటో ఎక్కేసేవారు. ఆ ఆటో పెంచలయ్యది. స్టాండుకు పెద్ద ఆయనే.

"నేనేం పిలవలేదు మే. వాళ్లే వచ్చినారు" అనేవాడు కాస్త మొహమాటంగా.

నాగులమ్మది చంద్రగిరి. మేస్త్రీ పని చేసే భర్త కుప్పయ్య నడుం దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోయాక, ఆమె ఏరి కోరి పట్టుకున్న పని ఇది. పుట్టింట్లో ట్రాక్టరు తోలిన చెయ్యి, బండంటే భయం లేదు. లేనిదల్లా నమ్మి ఎక్కే మనిషే.

ఆడపడుచు జయంతి తిరుపతిలో ఒక బట్టల దుకాణానికి ఫోన్లో ప్రకటనలు తయారుచేసే ఉద్యోగం చేస్తోంది. ఒక ఆదివారం వదిన మొహం చూసి సంగతి పసిగట్టింది.

"నువ్వు బాగా తోలతావని నాకు తెలుసు వదినా. ఎక్కేవోళ్లకు ఎట్లా తెలుస్తాది? నీకంటే ముందు నీ పేరు పోవాల వాళ్ల కాడికి. ఈ కాలంలో మనిషి కూడా ఒక బ్రాండే."

"నేనేమన్నా సబ్బు బిళ్లనా, బ్రాండు కావడానికి?"

జయంతి నవ్వింది కానీ వదల్లేదు. అప్పటికప్పుడు ఒక వీడియో తీసింది. మొహం తెల్లగా మెరిసేలా చేసింది, వెనక ఒక హుషారు పాట పెట్టింది. "నాగులమ్మ ఆటో ఎక్కండి, నవ్వుతా నవ్వుతా తిరగండి" అని వదిన చేత చెప్పించి, వదిన ఫోన్లోంచే నెట్లో పెట్టింది. మర్నాడు స్టాండులో నలుగురు డ్రైవర్లు ఆ మాటే అంటూ పడీ పడీ నవ్వారు. నాగులమ్మ అక్కడికక్కడే దాన్ని తీసేసి జయంతికి ఫోను చేసింది.

"ఆ మొగం నాది కాదు, ఆ మాటా నాది కాదు. సూసినోళ్లు నవ్వక ఏం చేస్తారు?"

"మరి నీ మాట ఏది? అదే సెప్పు" అంది జయంతి.

రెండు రోజులు ఆలోచించింది నాగులమ్మ. మూడో రోజు పొద్దున చంద్రగిరి నుంచి వస్తూ శ్రీనివాస మంగాపురం దగ్గర బండి ఆపి, ఖాకీ చొక్కాతోనే ఫోను ఎదురుగా పెట్టుకుంది.

"నా పేరు నాగులమ్మ, ఆటో డ్రైవర్ని. మంగాపురం కాడ రోడ్డు తవ్వినారు, ఒక పక్కనే బండ్లు పోతా ఉండాయి. రైలుకు పోయేవోళ్లు ముందుగానే బయల్దేరండి. కొండ మీద రద్దీ ఎట్లుండాదో నేను సూడలేదు. సెప్పలేను."

పాట లేదు, మెరుపు లేదు. జయంతి దాన్ని రెండుసార్లు చూసి ఫోను చేసింది. "ఆ చివరి మాట ఉండాదే, సూడలేదు, సెప్పలేను అనేది, దాన్ని మాత్రం ఎప్పుడూ వదలద్దు వదినా. నీ బ్రాండు అదే."

అప్పటినుంచి రోజూ పొద్దున ఒక చిన్న వీడియో. ఎక్కడ వాన పడుతోంది, ఏ దారి మూశారు, బస్టాండు నుంచి చంద్రగిరి కోటకు ఆటో ఎంత అవుతుంది. చెప్పిన బాడుగే తీసుకునేది. ఎండాకాలం ముగిసేసరికి చిత్తూరు నుంచి, సత్యవేడు నుంచి వచ్చేవాళ్లు బస్సు దిగి, "నాగులమ్మ ఆటో యాడుండాది?" అని అడగడం మొదలైంది. వాళ్లకు దారి చూపించేది పెంచలయ్యే.

ఆమెకు వచ్చిన పేరు చూసి హరినాథ్ అనే లాడ్జి యజమాని వచ్చాడు. తన లాడ్జి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు.

"సెప్తా సార్. ముందు నేనూ మా ఆయనా ఒకరోజు మీ లాడ్జిలో ఉంటాం" అంది.

హరినాథ్ సంతోషంగా గది ఇచ్చాడు. మర్నాడు వీడియోలో నాగులమ్మ, "గదులు శుభ్రంగా ఉండాయి. దుప్పట్లు ఉతికినవే. తెల్లారి కుళాయిలో నీళ్లు రాలేదు. మా ఆయన మొగం కడుక్కోను కిందికి దిగిపోయినాడు" అని చెప్పేసింది.

హరినాథ్ మండిపడ్డాడు. నెల తిరక్కుండానే మోటారు మార్పించి మళ్లీ పిలిచాడు. ఆమె వెళ్లి కుళాయి తిప్పి, నీళ్లు పడడం వీడియోలో చూపించింది. ఆ తర్వాత లాడ్జికి వచ్చినవాళ్లంతా, "నీళ్లు వచ్చాయని నాగులమ్మ చెప్పింది" అంటుంటే హరినాథే పదిమందికీ ఆమె సంగతి చెప్పుకోసాగాడు.

కార్తీకంలో తుపాను పట్టింది. ఒక పొద్దున స్వర్ణముఖి మీద వంతెన కూలి బస్సు కొట్టుకుపోయిందని ఎవరో ఫోన్లలో పంపారు. బస్టాండంతా గగ్గోలు. ఊళ్లకు పోవాల్సిన వాళ్లు ఏడుపు మొహాలతో నిలబడిపోయారు. పెంచలయ్య కొడుకు ఆ దారినే బస్సులో వస్తున్నాడు, ఫోను కలవడం లేదు. ఆయన మళ్లీ మళ్లీ అదే నంబరు నొక్కుతున్నాడు.

"నేను పోయి సూసొస్తా. అందాకా ఎవరి మాటా నమ్మద్దన్నా" అని వానలోనే బండి తీసింది.

వంతెన నిలబడే ఉంది. ఏరు ఎర్రగా పొంగుతోంది కానీ పైకి రాలేదు. పల్లంలో రోడ్డు మీద మాత్రం మోకాటి లోతు నీళ్లున్నాయి. ఒడ్డున ఆగిన బస్సులో ప్రయాణికులంతా క్షేమంగా కూర్చున్నారు, పెంచలయ్య కొడుకుతో సహా. ఆమె తడుస్తూనే ఫోను పైకెత్తింది.

"నేను వంతెన కాడే ఉండా. వంతెన కూలలేదు. బస్సు కొట్టుకుపోలేదు, ఇదిగో సూడండి. పల్లంలో నీళ్లుండాయి, ఆటోలు, మోటారు సైకిళ్లు రావద్దు. సాయంత్రానికి నీళ్లు తీస్తాయో లేదో నాకు తెలీదు."

ఆ మాట జిల్లా అంతా తిరిగింది. బస్టాండులో గోల సద్దుమణిగింది. నాగులమ్మ తిరిగి వచ్చేసరికి డ్రైవర్లంతా లేచి నిలబడ్డారు. పెంచలయ్య తన తువ్వాలు తీసి తల తుడుచుకోమని ఇచ్చాడు.

సంక్రాంతి దాటాక స్టాండు సమావేశంలో పెంచలయ్యే లేచాడు. "నేను సెప్తే మన స్టాండోళ్లు ఇంటారు. నాగులమ్మ సెప్తే ఊరంతా ఇంటాది. ఇంకమీదట మనకు పెద్ద ఆ యమ్మే" అన్నాడు.

అందరూ చేతులెత్తారు. నాగులమ్మ లేచి చీర కొంగు సర్దుకుంది.

"ఒప్పుకుంటా. అయితే యాడికి ఎంత బాడుగో పెద్దచ్చరాలతో బోర్డు రాసి స్టాండు ముందర పెట్టాల. దానికి అందరం కట్టుబడాల. నన్నొక్కదాన్నే నమ్మితే సాలదన్నా, ఈ స్టాండులో ఏ బండి ఎక్కినా ఆ నమ్మకం ఉండాల."

వెనక వరుసలో ఇద్దరు గొణిగారు. ఒకడు రద్దీ సీజన్లో కూడా ఇదే బాడుగంటే ఎట్లా అని వాదం పెట్టుకున్నాడు. ఆమె కూర్చోకుండా ఒక్కొక్కరికీ బదులిచ్చింది. చీకటి పడక ముందే అందరూ సరేనన్నారు.

ఆ వారంలోనే బోర్డు లేచింది. దాని కింద నిలబడి కుప్పయ్య, కర్ర ఊతంగా, వచ్చేపోయే వాళ్లకు "మా ఆడోళ్లు పెట్టించింది" అని చెప్పుకుంటున్నాడు. చిత్తూరు బస్సు వచ్చింది. దిగిన వాళ్లు బోర్డు చదువుకుని, బేరం లేకుండా, వరుసలో ముందున్న ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నాగులమ్మ తన వంతు కోసం బండిని ఒక అడుగు ముందుకు జరిపింది.