అత్తయ్య ఫినాయిల్ పోయలేదు

మా అత్తగారు డాబా మీద ఫినాయిల్ పోయలేదు. ఈ మాట బంధువులకు నోటితో చెప్పి చూశాను, ఎవరూ నమ్మలేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఉర్లా పారిశ్రామికవాడలో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తున్నాను. అక్కడికి ఇంజనీరింగ్ కాలేజీ మేష్టారొకాయన ప్రయోగాలకు వచ్చేవారు. కాంక్రీటు పగులులో ఒక రకం బ్యాక్టీరియాను పోసి, దానికి మేత పెట్టి, తడి ఆరకుండా చూస్తే సున్నపురాయి తయారై పగులు పూడుతుందట. స్లాబు పగలగొట్టే పని లేదు, కొత్త సిమెంటూ అక్కర్లేదు. ఒక దిమ్మ మీద సన్నని పగులు తెల్లగా మూసుకుపోవడం నా కళ్ళతో చూశాను. చూసి ఊరుకోకుండా అత్తగారింట్లో చెప్పాను.

వాళ్ళ డాబాకు వెంట్రుకంత పగులుంది. వానొస్తే సరిగ్గా ఆవిడ మంచం మీదే కారేది. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. నా మాట విని కళ్ళజోడు తీశారు.

"క్రిముల్ని చంపడానికే కదా బాబూ ఇన్నేళ్ళూ నాకు జీతమిచ్చారు! ఇప్పుడు నా నెత్తిమీదే పెంచమంటారా?"

"ఇవి మంచివండీ అత్తయ్యా."

"అన్నీ మొదట్లో మంచివే."

భన్‌పురిలో హిందీవాళ్ళ మధ్య లారీలు తిప్పే మా బావమరిది నా పక్షం వహించాడు. "అరే మమ్మీ, మిస్త్రీ అయితే ఛత్ మొత్తం తవ్వేస్తాడు. బావ మాట విను." ఆవిడ సరేనని తాపీమేస్త్రీని రావద్దన్నారు.

మే నెలలో మేష్టారు ఒక సీసా ఇచ్చి, "ఇవి బతికున్నవి. చల్లగా ఉంచి తిన్నగా తీసుకెళ్ళండి," అన్నారు. తిన్నగానే వెళ్ళేవాణ్ణి. దారిలో మా ఆవిడ ఫోను చేసింది. పండరీ బట్టల బజారులో ఉందట, చీరలు ఎంచడం అయిపోయిందట, వచ్చి ఎక్కించుకోమంది. అయిపోయిందని నమ్మి, కారు ఎండలో పెట్టి లోపలికెళ్ళాను. తిరిగొచ్చి సీసా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మూత తీస్తే ఏదో ఉడికిన వాసన. మేష్టారికి ఫోను చెయ్యాల్సింది, చెయ్యలేదు. డాబా ఎక్కి, బాప్తిస్మం ఇస్తున్నంత గంభీరంగా పగులులో పోశాను.

ఆ రోజునుంచీ అత్తగారు పొద్దునా సాయంత్రం దానిమీద గోనెపట్టా తడిపేవారు. అంచు ఎత్తి, "ఏం, లేచారా?" అని పలకరించేవారు కూడా. వాన వచ్చింది. మంచం తడిసింది.

అందరూ నా వైపు చూశారు. నాకు కిటికీలో ఫినాయిల్ సీసా కనబడింది.

"అలవాటుకొద్దీ అదేమైనా పోశారేమోనండీ?" అన్నాను.

నర్సు, క్రిములు, ఫినాయిల్. ఇంక సాక్ష్యం ఎవరికి కావాలి? "నేను పొయ్యలేదు బాబూ," అని ఆవిడ ఒక్కసారే అన్నారు. బావమరిది పడీపడీ నవ్వాడు. అప్పటినుంచి చుట్టాలకీ చర్చికొచ్చేవాళ్ళకీ ఆవిడ ఫినాయిల్ ఆంటీ అయిపోయారు. ఆవిడ కాఫీ ఇస్తే వాసన చూసి తాగేవారు. ఆవిడ నవ్వేవారు కాదు. మెల్లగా శుభకార్యాలకు వెళ్ళడమే మానేశారు.

పోయిన క్రిస్మస్ భోజనాల దగ్గర లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పండరీ, ఎండ, సీసా, అన్నీ. బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు.

"దేఖో, అల్లుడంటే ఇలా ఉండాలి! అత్త తప్పు తన మీదేసుకుంటున్నాడు!"

చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాత్రం, "అయితే తప్పు నా చీరలదన్నమాట," అని ప్లేటు తీసుకుని వేరే కుర్చీలోకి మారింది.

వంటింట్లో అత్తగారు నన్ను పట్టుకున్నారు. "నిజమేనా?"

"నిజమేనండీ."

"అంటే అన్నాళ్ళూ నేను శవాలకి నీళ్ళు పోశానా?"

ఆవిడ మళ్ళీ కళ్ళజోడు తీశారు.

"ప్రార్థనలో కూడా తలుచుకున్నాను బాబూ వాటిని."

ఈ వేసవిలో టీకాలు మోసే ఐసు డబ్బా ఎక్కడో సంపాదించి ఆవిడే నాకిచ్చి మళ్ళీ మేష్టారి దగ్గరికి పంపారు. మా ఆవిడ ఫోను కూడా లాక్కుని తన దగ్గరే పెట్టుకున్నారు. నేను తిన్నగా వచ్చాను. వానలు మొదలయ్యేనాటికి పగులు తెల్లని గీతైంది, మంచం పొడిగా ఉంది. బావమరిదిని డాబా మీదికి తీసుకెళ్ళి చూపించాను. వాడు గోటితో గీకి చూసి, పిట్టగోడ మీంచి కిందికి అరిచాడు.

"మమ్మీ! ఈసారి బావ ఫినాయిల్ సీసా దాచేశాడా ఏంటి?"

"సీసా ఎక్కడిదక్కడే ఉందిరా!" కిందనుంచి కేకొచ్చింది. "మీ బావనే పండరీ వెళ్ళనివ్వలేదు!"