అమ్మవారి అర తిప్పు

ప్రత్తిపాడులో రోడ్డు పక్కన, మిరప చేలకు మందు కొట్టే పెట్రోలు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. సీజన్లో దాని ముందు స్ప్రేయర్లు వరసగా పడి ఉంటాయి. సీజన్ కానప్పుడు పాత స్కూటర్లు, మా అక్క జీపు. కార్బురేటర్ సంగతి తెలిసిన చెయ్యి మా వైపు అదొక్కటే మిగిలింది. ఇప్పటి బళ్ళలో ఇంజనుకు పెట్రోలు ఎంత వెళ్ళాలో కంప్యూటరు చూసుకుంటుంది. మా అక్క జీపులో ఆ పని ఇప్పటికీ కార్బురేటరే చేస్తుంది. పక్కనున్న చిన్న ఇత్తడి స్క్రూతో దాన్ని మనం సరిదిద్దుకోవాలి.

ఆ జీపు మా బావది. ఊటీ తీసుకెళ్తానని ఆయన అక్కతో పెళ్ళైన కొత్తలో అన్నాడు, చివరిదాకా అంటూనే ఉన్నాడు. ఆయన పోయాక జీపు అమ్మేద్దామని నేనంటే, ఒకసారి ఆ కొండెక్కించు, తర్వాత నీ ఇష్టం అంది. నేను ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. అంతకంటే ఎక్కువ కాలం మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చాను. స్టీరింగు పట్టుకోవడం మాత్రం బావే నేర్పాడు.

బయల్దేరే ముందు జీపును షెడ్డుకు తీసుకెళ్ళాం. షెడ్డు సాయిబుగారిది. మాకంటే పదేళ్ళు చిన్న. ప్లగ్గులు తీసి తుడిచాడు, పెట్రోలు వచ్చే సన్నటి జెట్లు ఊదాడు, ఎయిర్ ఫిల్టర్లో పేరుకున్న పత్తి నూగు దులిపాడు. చెవి ఇంజను వైపు పెట్టి స్క్రూని అటూ ఇటూ తిప్పి, శబ్దం కుదిరాక వదిలేశాడు. ఆ తర్వాత నాకొక సలహా చెప్పాడు. ఘాట్ రోడ్డు సగం పైకెక్కాక ఒక మలుపులో అమ్మవారి గుడి వస్తుందట. అక్కడ బండి ఆపి, కొబ్బరికాయ కొట్టించి, స్క్రూని అర తిప్పు లోపలికి తిప్పాలట. దిగేటప్పుడు మళ్ళీ అక్కడే అర తిప్పు బయటికి. వాళ్ళింట్లో దాని పేరు అమ్మవారి అర తిప్పు.

ఎవరు చెప్పారని అడిగాను. వాళ్ళ నాన్న గుంటూరులో ఒక మిరప షావుకారు దగ్గర జీపు డ్రైవరు. ఏటా ఎండాకాలం ఆ కుటుంబాన్ని ఊటీ తీసుకెళ్ళేవాడట. ఆ మలుపులో షావుకారు భార్య కాయ కొట్టేది, వాళ్ళ నాన్న బానెట్ ఎత్తేవాడు.

"స్క్రూ లోపలికంటే పెట్రోలు తగ్గించడమే కదా? ఎందుకు తగ్గించాలి?" అన్నాను.

"అక్కడ బండికి ఆకలి తక్కువండీ, మాస్టారూ."

నాకు అంతకంటే తేలికైన ప్రత్యర్థి ఎప్పుడూ దొరకలేదు. కొండెక్కే మనిషికి ఆకలి పెరుగుతుందా, తగ్గుతుందా? బరువు మోసే ఎద్దుకు మేత ఎక్కువ వేస్తామా, తక్కువ వేస్తామా? ఒకదాని తర్వాత ఒకటి అడిగాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. స్ప్రేయర్లు తెచ్చిన రైతులు ఇద్దరు నవ్వారు. గెలిచాననుకున్నాను. అర తిప్పు పేరులో అమ్మవారు ఉన్నారు, అది తోసెయ్యడానికి నాకు ఆ పేరే చాలింది.

"మరి అక్కడ ఆగిపోతే?" అంది అక్క.

"ఆగిపోతే ఆ కాయేదో నా చేత్తో నేనే కొడతాను."

నలభై ఏళ్ళుగా నేను కొబ్బరికాయ కొట్టలేదు. పెళ్ళిలో కొట్టలేదు, ఇల్లు కట్టినప్పుడు కొట్టలేదు. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. సాయిబుగారు రైతుల వైపు తిరిగి, "విన్నారుగా" అన్నాడు.

రెండు రోజులు ప్రయాణం చేసి కొండ కిందికి చేరాం. దారిలో ఒక ఊళ్ళో అక్క టీ తాగొస్తానని దిగి, సంచిలో గుండ్రంగా ఏదో వేసుకొచ్చింది. నేను చూడనట్టే ఉన్నాను.

ఎక్కడం మొదలయ్యాక కొంతసేపు జీపు బాగానే నడిచింది. పైకి పోయేకొద్దీ లాగడం తగ్గింది. అద్దంలో చూస్తే వెనకాల నల్లటి పొగ. లోపలంతా పెట్రోలు వాసన. ఎక్సలేటరు తొక్కినకొద్దీ పొగ పెరుగుతోంది గాని బలం పెరగడం లేదు. ఒక ఇరుకు మలుపులో గేరు తగ్గించడానికి కాలు తీశాను. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తలెత్తితే ఎదురుగా ఎనిమిది మెట్లు, పైన పసుపు కుంకుమ పూసిన రాయి, చుట్టూ కొబ్బరి చిప్పలు.

"నేనేమీ అనలేదురా," అంది అక్క.

చక్రాల కింద రాళ్ళు పెట్టి, పది నిమిషాలు టైమివ్వమన్నాను. ఒక ప్లగ్గు విప్పాను. కాటుక డబ్బాలో ముంచినట్టు నల్లగా ఉంది. మసి అంటే పెట్రోలు సరిగా కాలలేదని అర్థం. ఇంజనుకు మేత చాలక కాదు, ఎక్కువై అరగక ఆగింది. షెడ్డులో నేను చేసిన వాదనంతా ఆ మసితో పోయింది. కాని ఎక్కువెలా అయింది? ప్రత్తిపాడులో సరిగ్గా ఉన్న లెక్క ఇక్కడెందుకు తప్పింది?

ఈలోగా అక్క గుడి చూడ్డానికి మెట్లెక్కింది. నాలుగు మెట్లెక్కి కూర్చుండిపోయింది. ఇంట్లో డాబా మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కే మనిషి.

"ఎంత పీల్చినా చాలట్లేదురా. ఇక్కడ గాలి పల్చగా ఉన్నట్టుంది," అంది.

నేను ప్లగ్గు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం అది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. అక్క ఊపిరితిత్తులకు చాలని గాలి ఇంజనుకు మాత్రం ఎలా చాలుతుంది? గాలి తగ్గినంతగా కార్బురేటర్ పెట్రోలు తగ్గించదు. దాన్ని కింద దట్టమైన గాలికి సరిపెట్టారు, ఇక్కడా దాదాపు అదే కొలత పోస్తుంది. తక్కువ గాలితో కొంతే కాలుతుంది, మిగతాది మసి అవుతుంది. సాయిబుగారు చెప్పిన ఆకలి అదే. ఆయన దగ్గర సూత్రం లేదు, ఫలితం ఉంది. నా దగ్గర సూత్రం ఉండి కూడా దాన్ని బయటికి తీయలేదు, గెలిచే తొందరలో ఉన్నాను.

ప్లగ్గులు తుడిచి బిగించి, స్క్రూ అర తిప్పు లోపలికి తిప్పాను. మూడో ప్రయత్నంలో ఇంజను అందుకుంది, పొగ పలచబడి నిలకడగా కొట్టుకుంది. ఒక్కసారి కుదిరితే రుజువు కాదని స్క్రూని మళ్ళీ వెనక్కి తిప్పాను. ఇంజను కుంటుతూ కుంటుతూ ఆగిపోయింది. మళ్ళీ లోపలికి తిప్పితే నడిచింది. మూడుసార్లు చూశాను. చాలా కాలానికి అంత సంతోషంగా అనిపించింది.

"చాల్లేరా, దాన్ని చంపకు," అంటూ అక్క సంచిలోంచి కాయ తీసింది.

ఆగింది అమ్మవారి వల్ల కాదని, ఇప్పుడే మూడుసార్లు రుజువు చేశానని చెప్పాను. అక్క ఓపిగ్గా విన్నది.

"అమ్మవారి వల్ల ఆగితే అని నువ్వు అనలేదు. ఆగితే అన్నావు."

ఓడినవాడు ఒప్పుకోవాలని ప్రతి సభలోనూ చెప్పినవాణ్ణి. కాయ తీసుకుని మెట్టు రాతి మీద కొట్టాను. మొదటి దెబ్బకు జారింది. రెండోదానికి చిన్న బీట పడింది. మూడో దెబ్బకు వంకరగా పగిలి నీళ్ళన్నీ నా ప్యాంటు మీద పడ్డాయి. అమ్మవారిని నేను ఒప్పుకోలేదు, నా మాటకు కట్టుబడ్డాను. చూసేవాళ్ళకు ఆ తేడా ఏమీ కనిపించదని మాత్రం అప్పుడు తెలిసింది. అక్క ఒక చిప్ప అక్కడే పెట్టి, రెండోది నాకు సగం ఇచ్చింది. తియ్యగా ఉంది.

ఊటీలో రెండు రోజులున్నాం. అక్క ఎక్కువసేపు జీపులోనే కూర్చుంది, తన సీట్లో కాదు, బావ సీట్లో.

దిగేటప్పుడు అదే మలుపులో రెండు బళ్ళు ఆగి ఉన్నాయి. "దిగేవాళ్ళూ ఆగుతున్నారు, మనం ఆగమా?" అంది అక్క. నేను మాటిచ్చింది ఒక్క కాయకే అని చెప్పి ముందుకు పోనిచ్చాను. అప్పటికి నా బుర్రలో మసి, గాలి, ఆకలి కలిపి ఒక పెద్ద వ్యాసం తయారవుతోంది.

మైదానంలోకి వచ్చాక జీపు మొరాయించింది. ఎక్సలేటరు వదిలితే సైలెన్సరు టపటపా పేలుతోంది, సిగ్నలు దగ్గర నిలబడితే ఆగిపోతోంది. పెట్రోల్లో కల్తీ అని బంకు వాణ్ణి తిట్టాను. ఒంగోలు దాటేదాకా తిడుతూనే ఉన్నాను. షెడ్డుకు ఇంకా యాభై గజాలుండగానే ఆ పేలుడు విని సాయిబుగారు బయటికొచ్చాడు.

"కాయ కొట్టారా, మాస్టారూ?"

"కొట్టాను. అర తిప్పూ తిప్పాను. మీరన్నదే నిజం. అక్కడ గాలి తక్కువ, అందుకే ఆకలి తక్కువ." స్ప్రేయర్లు తెచ్చిన రైతులందరూ వినేలా చెప్పాను. ఆయనకు ఆపాటి బాకీ ఉన్నాను.

ఆయన నవ్వలేదు. బానెట్ ఎత్తి స్క్రూ వైపు చూశాడు.

"దిగేటప్పుడో?"

కొండ మీది పలచని గాలికి తగ్గించిన పెట్రోలుతోనే, కింద దట్టమైన గాలిలో రెండు రోజులు తోలుకొచ్చాను.

"మా నాన్న అక్కడ రెండు కాయలు కొట్టించేవాడండీ. ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి."

"రెండోది దేనికి?"

"మర్చిపోకుండా ఉండటానికి."

స్క్రూ అర తిప్పు బయటికి వచ్చింది. ఇంజను సర్దుకుంది.

జీపు కొనడానికి కనిగిరి నుంచి ఒకాయన వస్తానన్నాడు. ఆయన కోసం ఒక కాగితం మీద, ఎత్తుకు పోతే ఎటు తిప్పాలో, దిగితే ఎటు తిప్పాలో కారణాలతో సహా రాసి బానెట్ లోపల అంటించాను. కాయల ఊసు ఎత్తలేదు. అక్క కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"బాగానే రాశావు. దిగేటప్పుడు బానెట్ ఎత్తి ఇది చూడమని ఆయనకు ఎవరు గుర్తు చేస్తార్రా?"

వారం నుంచి ఆలోచిస్తున్నాను. కనిగిరి ఆయన ఆదివారం వస్తాడు.